బాటిల్ ఆఫ్ బ్రిటన్, ఫ్రాన్స్‌కు వెళ్లని విమానాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా సెప్టెంబర్ 15న బ్రిటన్‌లో బాటిల్ ఆఫ్ బ్రిటన్ దినం జరుపుకుంటారు. స్పిట్‌ఫైర్ విమానాల గురించీ, చర్చిల్ ప్రసంగాల గురించీ మనలో చాలామంది వినే ఉంటారు. ఆ గెలుపుకు నాలుగు నెలల ముందు, పక్కనే పోరాడుతున్న మిత్రదేశానికి ‘ఇక విమానాలు పంపలేం’ అని చెప్పాల్సి వచ్చిన రోజుల గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఆ రోజులు తెలియకపోతే ఈ యుద్ధం సగమే అర్థమవుతుందని నా నమ్మకం. అందుకే ఈ జవాబుల్లో వాటికే ఎక్కువ చోటిచ్చాను.

బాటిల్ ఆఫ్ బ్రిటన్ అంటే ఏమిటి? ఎప్పుడు జరిగింది?

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వైమానిక దళం లుఫ్ట్‌వాఫ్‌కూ, బ్రిటన్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌కూ మధ్య ఇంగ్లండ్ ఆకాశంలో జరిగిన పోరు ఇది. బ్రిటిష్ లెక్క ప్రకారం 1940 జూలై 10న మొదలై అక్టోబర్ 31న ముగిసింది. ముందు ఇంగ్లిష్ చానెల్లో వెళ్లే ఓడల మీద దాడులు జరిగాయి. ఆగస్టు 12 నుంచి ఎయిర్‌ఫీల్డ్‌లూ, రాడార్ కేంద్రాలూ గురి అయ్యాయి. సెప్టెంబర్ 7న దాడి లండన్ నగరం మీదికి మళ్లింది. ఇంగ్లండ్ మీద సైన్యాన్ని దించాలంటే ముందు ఆకాశం మీద పట్టు దొరకాలి. ఆ పట్టు దొరకలేదు కాబట్టే సెప్టెంబర్ 17న హిట్లర్ ఆ దండయాత్రను వాయిదా వేశాడు. అది మళ్లీ జరగలేదు.

జర్మన్ చరిత్రకారులు చాలామంది ఈ తేదీలను ఒప్పుకోరు. రాత్రి బాంబు దాడులు కూడా ఇందులో భాగమేననీ, పోరు 1941 మే దాకా సాగిందనీ అంటారు. బాంబులు పడ్డ ఊళ్ల వైపు నుంచి చూస్తే వాళ్ల మాటలో బలం ఉంది.

పోరు జూలైలో మొదలైతే, మే నెల సంగతి ఎందుకు?

జూలైలో బ్రిటన్ చేతిలో ఎన్ని ఫైటర్ విమానాలు మిగిలాయన్నది మే నెలలోనే తేలిపోయింది కాబట్టి.

1940 మే 10న జర్మనీ హాలండ్, బెల్జియం, ఫ్రాన్స్‌ల మీద విరుచుకుపడింది. మే 13న సెడాన్ దగ్గర మ్యూజ్ నది దాటింది. మే 15 పొద్దున్నే ఫ్రాన్స్ ప్రధాని పాల్ రేనో లండన్‌కు ఫోన్ చేసి చర్చిల్‌ను నిద్రలేపి, మేం ఓడిపోయామని చెప్పాడు. చర్చిల్ ప్రధాని అయి అప్పటికి అయిదు రోజులే.

అప్పటికే ఫ్రాన్స్‌లో బ్రిటన్ హరికేన్ ఫైటర్ల స్క్వాడ్రన్లు పది దాకా పోరాడుతున్నాయి. ఇంకో పది కావాలని రేనో మే 14 సాయంత్రమే కబురు పంపాడు. స్క్వాడ్రన్ అంటే ఒక దఫాలో పన్నెండు విమానాలను గాల్లోకి పంపే దళం. స్పిట్‌ఫైర్ ఫైటర్ స్క్వాడ్రన్లను మాత్రం బ్రిటన్ ఫ్రాన్స్ గడ్డ మీద అసలు ఉంచలేదు.

బ్రిటన్ ఏమీ చేయకుండా చేతులు ముడుచుకుని కూర్చుందా?

లేదు. ఈ మాట చాలాచోట్ల వినిపిస్తుంది కాబట్టి ఒక్క రోజు సంగతి చూడండి. మే 14న సెడాన్ వంతెనల మీదికి 71 బ్రిటిష్ బాంబర్లు వెళ్లాయి. వాటిలో 40 తిరిగి రాలేదు. ఫ్రాన్స్ కోసం జరిగిన మొత్తం పోరులో రాయల్ ఎయిర్ ఫోర్స్ అన్ని రకాలూ కలిపి 900కు పైగా విమానాలు పోగొట్టుకుంది. వాటిలో దాదాపు సగం ఫైటర్లే. చేతిలో ఉన్నదంతా ఊడ్చి పంపాలా, కొంత ఇంటి కోసం దాచుకోవాలా అన్నదే అసలు తగాదా. అంతేగానీ సాయం చేయాలా వద్దా అని కాదు.

డౌడింగ్ ఎవరు? ఆయన రాసిన ఉత్తరంలో ఏముంది?

ఎయిర్ చీఫ్ మార్షల్ హ్యూ డౌడింగ్ 1936 నుంచి రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో ఫైటర్ విమానాల విభాగమైన ఫైటర్ కమాండ్ అధిపతి. లండన్ శివార్లలోని బెంట్లీ ప్రయరీ ఆయన కార్యాలయం. ముక్కుసూటి మనిషి, నలుగురిలో కలివిడిగా తిరిగే రకం కాదు. ఆయన కొడుకు డెరెక్ కూడా ఆ వేసవిలో ఫైటర్ పైలట్‌గా పోరాడాడు.

మే 15న డౌడింగ్ వార్ కేబినెట్ ముందుకు వచ్చి, ఇలాగే పంపుతూ పోతే హరికేన్లు ఎన్నాళ్లకు నిండుకుంటాయో చెప్పాడు. ఆయన ఒక గ్రాఫ్ గీసి చర్చిల్ ముందు పెట్టాడన్న కథ ప్రసిద్ధం. ఆ రోజు రికార్డులు ఆ కథకు సరిగ్గా అతకవు గనుక దాని మీద ఆధారపడను. మర్నాడు, మే 16న, ఆయన ఎయిర్ మినిస్ట్రీకి రాసిన ఉత్తరం మాత్రం నేటికీ ఉంది. దేశ రక్షణకు 52 స్క్వాడ్రన్లు కావాలన్నది మీరే వేసిన లెక్క, ఇప్పుడు నా దగ్గర మిగిలింది 36కు సమానమైన బలమే అని అందులో గుర్తు చేశాడు. ఎన్నింటిని అట్టిపెడతారో ఒక అంకె తేల్చి చెప్పమన్నాడు. ఆ అంకె దాటి, ఎంత గట్టిగా అడిగినా, ఒక్క ఫైటర్‌ను కూడా చానెల్ దాటించబోమని హామీ ఇమ్మన్నాడు. మిగిలిన బలాన్ని కూడా ఫ్రాన్స్‌లో కరగబెడితే, ఫ్రాన్స్ ఓటమితో పాటే ఈ దేశానికి కూడా తేరుకోలేని ఓటమి తప్పదని ముగించాడు.

ఆ ఉత్తరంలో ఫ్రాన్స్ మీద కోపం లేదు, మిత్రుల మీద ఫిర్యాదూ లేదు. ఉన్నది లెక్క, ఆ లెక్కకు జవాబు ఇవ్వండన్న నిలదీత. పై అధికారులకు నచ్చని మాటను ఇంత తేటగా కాగితం మీద పెట్టినవాళ్లు ఏ దేశంలోనైనా అరుదు. ఘనతంతా ఆయన ఒక్కడికే కట్టబెట్టడం కూడా సరికాదు. వైమానిక దళ ప్రధానాధికారి సిరిల్ న్యూవాల్ ఆ వాదనకు దన్నుగా నిలిచాడు.

మరి చర్చిల్ ఇస్తానన్నాడా, వద్దన్నాడా?

రెండూ. మే 16 ఒక్క రోజులోనే ఆయన మనసు ఎన్ని మలుపులు తిరిగిందో చూస్తే ఆ నిర్ణయం బరువు అర్థమవుతుంది.

ఆ రోజు ఉదయం కేబినెట్ నాలుగు స్క్వాడ్రన్లకు సమానమైన బలం పంపడానికి ఒప్పుకుంది. మధ్యాహ్నం చర్చిల్ పారిస్‌కు విమానంలో వెళ్లాడు. విదేశాంగ శాఖ భవనంలో సమావేశం. కింద తోటలో ప్రభుత్వ కాగితాలను కుప్పలు పోసి తగలబెడుతున్నారు, ఆ పొగ కిటికీల్లోంచి కనిపిస్తోంది. గోడ పక్కన పెట్టిన పటంలో సెడాన్ దగ్గర ముందు వరుస లోపలికి ఉబ్బి ఉంది. మీ రిజర్వు సైన్యం ఎక్కడుందని చర్చిల్ ఫ్రెంచి సైన్యాధిపతి గామెలాన్‌ను అడిగాడు. లేదు అన్నాడాయన, ఒక్క మాటలో.

ఆ రాత్రి చర్చిల్ పారిస్ నుంచే లండన్‌కు తంతి కొట్టించాడు. ఇంకో ఆరు స్క్వాడ్రన్లు ఇద్దాం, అడిగింది ఇవ్వకపోవడం వల్లే వాళ్లు కూలిపోయారన్న మాట చరిత్రలో మన మీద పడకూడదు అని దాని సారాంశం. జవాబు శత్రువుల చెవిన పడకుండా హిందుస్తానీలో ఫోన్ చేసే ఏర్పాటు జరిగింది. చర్చిల్‌తో వెళ్లిన జనరల్ ఇస్మే భారత సైన్యంలో పనిచేసినవాడు. లండన్‌లోని ఆయన ఆఫీసులో భారత సైన్యానికి చెందిన మరో అధికారిని ఫోన్ దగ్గర ఉంచారు. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో జవాబు వచ్చింది: ‘హాఁ’. చర్చిల్ వెంటనే రేనో ఇంటికి వెళ్లి ఆ తంతిని తానే చదివి వినిపించాడు.

కానీ ఉత్తర ఫ్రాన్స్‌లో అన్ని స్క్వాడ్రన్లు దిగడానికి ఎయిర్‌ఫీల్డ్‌లే మిగలలేదు. అందుకని మూడు స్క్వాడ్రన్లు పొద్దున, మూడు మధ్యాహ్నం ఫ్రాన్స్‌కు వెళ్లి, చీకటి పడేసరికి ఇంగ్లండ్ చేరుకునేలా న్యూవాల్ ఏర్పాటు చేశాడు. ఇచ్చిన మాటా నిలిచింది, విమానాలూ అక్కడ చిక్కుకుపోలేదు. మూడు రోజులు తిరిగేసరికి, ఇక ఏ స్క్వాడ్రనూ దేశం దాటరాదని చర్చిలే ఆదేశించాడు.

జూన్ 11న బ్రియార్‌లో జరిగిన సమావేశంలో కొత్త సైన్యాధిపతి వేగాన్, నిర్ణయం తేలేది ఇక్కడే, ఇప్పుడే, ఉన్న ఫైటర్లన్నీ పంపండని పట్టుబట్టాడు. ఇది ఆ చోటు కాదు, ఆ ఘడియా కాదు, హిట్లర్ తన విమానాలను బ్రిటన్ మీదికి తోలినప్పుడు ఆ ఘడియ వస్తుందని చర్చిల్ బదులిచ్చాడు. ఓడిపోతున్న మిత్రుడి కళ్లలోకి చూస్తూ అనాల్సి వచ్చిన మాట అది.

యుద్ధం తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో చర్చిల్, 25 స్క్వాడ్రన్లు ఉంటే చాలని డౌడింగ్ తనతో అన్నాడని రాశాడు. తాను అలా అననే లేదని డౌడింగ్ ఖండించాడు. 52 అడిగిన ఉత్తరం కళ్లెదుట ఉండగా ఈ విషయంలో నేను డౌడింగ్ వైపే.

ఇంకో పది స్క్వాడ్రన్లు పంపి ఉంటే ఫ్రాన్స్ నిలబడేదా?

నిలబడేది కాదనే నేననుకుంటాను. ఫ్రాన్స్ ఓడిపోవడానికి కారణం విమానాల కొరత ఒక్కటే కాదు. సైన్యంలో మేలైన భాగం బెల్జియం వైపు వెళ్లిపోయింది, సెడాన్ దగ్గర గండి పడింది, పూడ్చడానికి రిజర్వు లేదు. పైగా ఫ్రాన్స్‌లో ఇంగ్లండ్‌లోలా రాడార్, టెలిఫోన్ లైన్లతో అల్లిన హెచ్చరికల వ్యవస్థ లేదు. అక్కడ హరికేన్లు శత్రువును వెతుక్కుంటూ తిరగాల్సి వచ్చేది, చాలాసార్లు నేల మీద ఉండగానే దెబ్బతినేవి. అదే విమానం, అదే పైలట్ ఇంగ్లండ్‌లో పోరాడితే ఫలితం వేరుగా ఉండేది.

అయితే ఫ్రెంచివాళ్లు బాధపడటంలో న్యాయం లేదా?

ఉంది. నిర్ణయం సరైనదే కావచ్చు, దాని ఖర్చు మాత్రం ఎదుటివాడు మోశాడు. రోడ్ల మీద పిల్లాపాపలతో పారిపోతున్న లక్షలాది జనం నెత్తిన జర్మన్ విమానాలు ఎగురుతుంటే, చానెల్ అవతల స్పిట్‌ఫైర్లు దాచిపెట్టి ఉన్నాయని తెలిసిన మనిషికి వ్యూహం గురించి చెప్పి ఒప్పించడం ఎవరి వల్లా కాదు.

ఇంకో విషయం బ్రిటన్ చెప్పుకునే కథలో తరచుగా జారిపోతుంది. ఫ్రాన్స్ పోరులో లుఫ్ట్‌వాఫ్ వెయ్యికి పైగా విమానాలు పోగొట్టుకుంది. వాటిలో చాలావాటిని కూల్చింది ఫ్రెంచి పైలట్లు, ఫ్రెంచి విమాన విధ్వంసక తుపాకులు. జూలై దాకా జర్మనీ పెద్ద దాడి మొదలుపెట్టలేకపోవడానికి ఆ దెబ్బలు కూడా కారణం. అంటే బ్రిటన్‌కు తేరుకునే వ్యవధి దొరకడంలో ఫ్రాన్స్ రక్తమూ ఉంది. స్మారక సభల్లో ఈ మాట గట్టిగా చెప్పాలని నా కోరిక.

మెర్స్ ఎల్ కెబీర్ సంగతేమిటి? దానికీ దీనికీ సంబంధం ఉందా?

అది ఆకాశంలో జరిగింది కాదు గానీ, ఆ వేసవిని తలచుకునేటప్పుడు దాటవేయలేం. జూన్ 22న ఫ్రాన్స్ జర్మనీతో యుద్ధ విరమణ సంతకం చేసింది. ఫ్రెంచి యుద్ధనౌకలు జర్మనీ చేతిలో పడతాయేమోనన్న భయం బ్రిటన్‌ను పట్టుకుంది. జూలై 3న అల్జీరియాలో ఒరాన్ పక్కనున్న మెర్స్ ఎల్ కెబీర్ రేవులో అడ్మిరల్ సోమర్విల్ ఫ్రెంచి నౌకాదళానికి గడువు పెట్టాడు: మాతో రండి, లేదా బ్రిటిష్ రేవులకో దూరంగా కరీబియన్‌కో వెళ్లండి, లేదంటే ఓడలను మీరే ముంచేయండి. అడ్మిరల్ జాన్సూల్ ఒప్పుకోలేదు. బ్రిటిష్ ఓడలు కాల్పులు జరిపాయి. 1,297 మంది ఫ్రెంచి నావికులు చనిపోయారు.

రెండు వారాల కిందటి దాకా మిత్రులు వాళ్లు. విమానాలు పంపకపోవడాన్ని నేను సమర్థిస్తాను గానీ, దీన్ని అంత తేలిగ్గా సమర్థించలేను. బ్రిటన్ భయం నిజమైనదే. ఫ్రెంచి నౌకాధిపతులు ఓడలను జర్మనీకి అప్పగించబోమని ఇచ్చిన మాట కూడా నిజమైనదే. 1942 నవంబర్‌లో జర్మన్లు తూలాన్ రేవులోకి చొరబడినప్పుడు ఫ్రెంచివాళ్లు ఆ మాట ప్రకారమే తమ ఓడలను తామే ముంచేసుకున్నారు.

బ్రిటన్‌ను గెలిపించింది రాడారేనా?

రాడార్ ఒక్కటే అయితే కాదు. తీరం వెంట చెయిన్ హోమ్ రాడార్ టవర్లు ముందుగా పసిగట్టేవి. తీరం దాటి లోపలికి వచ్చాక అబ్జర్వర్ కోర్ వాళ్లు కళ్లతో చూసి, చెవులతో విని చెప్పేవాళ్లు. అదంతా టెలిఫోన్ లైన్లలో బెంట్లీ ప్రయరీకి చేరి, అక్కడ తాలూ గింజా వేరు చేసి, ఒక్కో ప్రాంతాన్ని కాపాడే విభాగాలైన గ్రూపుల కార్యాలయాలకు పంపేవాళ్లు.

ఆగ్నేయ ఇంగ్లండ్‌ను కాపాడిన 11వ గ్రూపు ఆపరేషన్స్ రూమ్ అక్స్‌బ్రిడ్జ్‌లో నేల అడుగున ఉంది. దాని అధిపతి న్యూజిలాండ్‌కు చెందిన కీత్ పార్క్. గది నడుమ పెద్ద బల్ల మీద పటం పరిచి ఉంటుంది. చుట్టూ నిలబడిన మహిళా సిబ్బంది హెడ్‌ఫోన్లలో వింటూ, పొడవాటి కర్రలతో చిన్న బిళ్లలను జరుపుతుంటారు. గోడ గడియారంలో ప్రతి అయిదు నిమిషాలకూ ఒక రంగు చొప్పున ఎరుపు, పసుపు, నీలం ముక్కోణాలు ఉంటాయి. కబురు అందినప్పుడు ముల్లు ఏ రంగు మీద ఉంటే బల్ల మీద ఆ రంగు బాణం పెడతారు. దాంతో ఏ సమాచారం తాజాది, ఏది పాతబడిందో పై నుంచి చూసే అధికారికి ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఎదురు గోడ మీద ఒక్కో స్క్వాడ్రన్ ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో చెప్పే దీపాల వరుసలు ఉంటాయి. కంప్యూటర్ లేని కాలంలో ఇంత ఆలోచించి పెట్టారంటే ఆశ్చర్యం వేస్తుంది.

మేలో ఫ్రాన్స్‌కు పంపకుండా ఆపిన విమానాలకు జూలైలో విలువ పెరిగింది ఇలాంటి ఏర్పాటు వెనక ఉండబట్టే.

సెప్టెంబర్ 15నే ఎందుకు గుర్తు చేసుకుంటారు?

ఆ ఆదివారం జర్మనీ లండన్ మీదికి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి భారీగా విమానాలను పంపింది. చర్చిల్ భార్యతో కలిసి అక్స్‌బ్రిడ్జ్ గదికి వచ్చి కూర్చున్నాడు. ఒక్కో స్క్వాడ్రనే పైకి లేస్తూ, గోడ మీది దీపాలు మారుతూ మారుతూ చివరికి అన్నీ గాల్లోనే ఉన్నాయి. ఇంకా ఏం రిజర్వు ఉందని చర్చిల్ పార్క్‌ను అడిగాడు. ఏమీ లేవు అని జవాబు. పారిస్‌లో గామెలాన్ నోట చర్చిల్ విన్న మాటే అది.

ఆ రోజు 185 శత్రు విమానాలను కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. నిజానికి అవి 60 దగ్గర. గాల్లో ఒకే విమానాన్ని నలుగురు కాలిస్తే నలుగురూ తమ ఖాతాలో వేసుకునేవాళ్లు, రెండు వైపులా ఇదే తంతు. అయినా బ్రిటన్ పని అయిపోయిందని నమ్మి వచ్చిన జర్మన్ పైలట్లకు ఎదురుగా వందల ఫైటర్లు కనిపించాయి. దెబ్బ అక్కడ తగిలింది.

ఇది పూర్తిగా బ్రిటిష్ పైలట్ల గెలుపేనా?

కాదు. పోరాడిన దాదాపు 2,900 మంది వైమానికుల్లో ఇంచుమించు అయిదోవంతు మంది బయటి దేశాలవాళ్లు. పోలండ్, న్యూజిలాండ్, కెనడా, చెకోస్లొవాకియా, ఆస్ట్రేలియా, బెల్జియం, దక్షిణాఫ్రికా, అమెరికా... ఇందులో ఫ్రెంచివాళ్లు కూడా పది మందికి పైగా ఉన్నారు. తమ ప్రభుత్వం సంధి చేసుకున్నా వాళ్లు ఒప్పుకోక, దొరికిన దారిలో ఇంగ్లండ్ చేరుకున్నారు.

145 మంది పోలిష్ పైలట్ల కథ అన్నింటికన్నా నన్ను కదిలిస్తుంది. సొంత దేశం కోసం ఒకసారి, ఫ్రాన్స్ కోసం రెండోసారి పోరాడి వచ్చినవాళ్లు. ఇంగ్లిష్ రాదు, ఓడి వచ్చినవాళ్లన్న చిన్నచూపు, పైగా విమానం లోపలి అలవాట్లన్నీ తారుమారు. ఫ్రెంచి విమానాల్లో వేగం పెంచడానికి వెనక్కి లాగే పిడిని ఇక్కడ ముందుకు నెట్టాలి, కిలోమీటర్లలో అలవాటైన కొలతలు ఇక్కడ మైళ్లలో చూడాలి. అందుకని వాళ్లను వారాల తరబడి శిక్షణలోనే ఉంచారు. ఆగస్టు 30న నార్తోల్ట్‌లోని 303వ స్క్వాడ్రన్ శిక్షణలో ఉండగా లుడ్విక్ పాష్కియేవిచ్ అనే పైలట్ శత్రువును చూసి వరుస తప్పి వెళ్లి ఒక జర్మన్ విమానాన్ని కూల్చాడు. మర్నాటి నుంచే ఆ స్క్వాడ్రన్‌ను పోరులోకి దించారు. ఆరు వారాల్లో 126 విమానాలు కూల్చామని వాళ్లు లెక్క చెప్పారు. తర్వాతి పరిశోధనల్లో ఆ అంకె తగ్గినా, హరికేన్ స్క్వాడ్రన్లలో ముందు వరుస వాళ్లదే. అందులోనే ఉన్న చెక్ పైలట్ జోసెఫ్ ఫ్రాంతిషెక్ ఖాతాలో 17 ఉన్నాయి. ఆయన అక్టోబర్ 8న, పాష్కియేవిచ్ సెప్టెంబర్ 27న చనిపోయారు.

యుద్ధం గెలిచాక పోలిష్‌వాళ్లకు దక్కిందేమిటి?

1945 ఫిబ్రవరిలో యాల్టాలో చర్చిల్, రూజ్‌వెల్ట్, స్టాలిన్ కలిసి పోలండ్ సరిహద్దులను నిర్ణయించారు. పోలండ్ తూర్పు భాగం సోవియట్ యూనియన్‌కు పోయింది. ఆ చర్చల్లో పోలండ్ తరఫున ఎవరూ లేరు. జూలైలో బ్రిటన్ లండన్‌లో ఉన్న పోలిష్ ప్రభుత్వానికి గుర్తింపు తీసేసి, వార్సాలో స్టాలిన్ దన్నుతో ఏర్పడ్డ ప్రభుత్వాన్ని గుర్తించింది. 1946 జూన్ 8న లండన్‌లో విజయోత్సవ కవాతు జరిగినప్పుడు, బ్రిటన్ వైపున పోరాడిన పోలిష్ బలగాల్లో వైమానికులను కొద్దిమందినే పిలిచారు. పదాతి దళానికీ, నౌకాదళానికీ పిలుపు లేనప్పుడు మేమూ రామని వాళ్లు మానేశారు.

1940లో ఫ్రాన్స్‌కు కాదనడం వెనక ప్రాణం మీదికొచ్చిన అవసరం ఉంది. 1946లో ఏ అవసరం ఉంది? స్టాలిన్ నొచ్చుకోకూడదన్న జాగ్రత్త తప్ప నాకేమీ కనిపించదు. మిత్రుల మధ్య కష్టమైన నిర్ణయాలన్నింటినీ ఒకే గాటన కట్టకూడదనడానికే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టాను. తర్వాతి కాలంలో బ్రిటన్ ప్రభుత్వం పోలిష్ యోధులను ఇలాంటి వేడుకలకు పిలవడం మొదలుపెట్టింది. అప్పటికి చాలామంది బతికి లేరు.

హైదరాబాద్ పేరుతో స్క్వాడ్రన్లు ఉండేవంటారు, నిజమేనా?

నిజం. 152వ స్క్వాడ్రన్, 253వ స్క్వాడ్రన్ రెండింటి పేరులోనూ ‘హైదరాబాద్’ ఉంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన విరాళాలకు గుర్తుగా పెట్టిన పేర్లు. మొదటి ప్రపంచ యుద్ధంలోనే ఆయన డబ్బుతో 110వ స్క్వాడ్రన్‌కు ఆ పేరు వచ్చింది.

152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లతో డోర్సెట్‌లోని వామ్‌వెల్ నుంచి పోర్ట్‌లండ్ నౌకా స్థావరాన్ని కాపాడింది. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది, కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అనే అర్థంలో ఇంగ్లిష్ మాటలు. 1918లో బ్రిటిష్ ప్రభుత్వం నిజాంకు ఇచ్చిన బిరుదు అదే. 253వ స్క్వాడ్రన్ హరికేన్లతో మేలో ఫ్రాన్స్ పోరులోనూ, ఆగస్టు చివరి నుంచి కెన్లీలోనూ పాల్గొంది. ఆగస్టు 31న ఆ స్క్వాడ్రన్‌కు చెందిన టామ్ గ్లీవ్ విమానం మంటల్లో చిక్కుకుని ఒళ్లంతా కాలిపోయింది. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో ఆర్చిబాల్డ్ మెకిండో చేసిన ప్లాస్టిక్ సర్జరీలతో కోలుకుని, అలా కాలిన వైమానికులు పెట్టుకున్న గినీ పిగ్ క్లబ్‌కు మొదటి పెద్ద అయ్యాడు.

కోస్తా, రాయలసీమ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 234వ స్పిట్‌ఫైర్ స్క్వాడ్రన్‌కు ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ అని పేరు. అంటే తెలుగు నేల రెండు వైపుల పేర్లూ ఆ ఆకాశంలో ఉన్నాయి.

ఇందులో గర్వపడాలా అని అడిగితే, నా జవాబు అంత సూటిగా ఉండదు. నాజీలు ఓడిపోవాల్సిందే, అందుకు ఉపయోగపడ్డ ప్రతి రూపాయీ మంచికే. కానీ 1939 సెప్టెంబర్ 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఒక్క భారత నాయకుణ్ని కూడా అడగకుండా దేశాన్ని యుద్ధంలోకి దించాడు. దానికి నిరసనగా మద్రాసులో రాజాజీ మంత్రివర్గంతో సహా కాంగ్రెస్ ప్రభుత్వాలు రాజీనామా చేశాయి. బాటిల్ ఆఫ్ బ్రిటన్ ముగిసిందని చెప్పే 1940 అక్టోబర్ 31నే నెహ్రూను అరెస్టు చేశారు. ఫ్రాన్స్ ప్రధాని ఫోన్ చేసి స్క్వాడ్రన్లు అడగగలిగాడు, పోలిష్ ప్రభుత్వం తన వైమానిక దళాన్ని స్వతంత్ర దళంగా గుర్తించాలని ఒప్పందం చేయించుకోగలిగింది. మనకు ఆ బల్ల దగ్గర కుర్చీయే లేదు. నిజాం ఇచ్చిన డబ్బు కూడా హైదరాబాద్ సంస్థానం రైతులు కట్టిన శిస్తులోంచి వచ్చిందని మరచిపోకూడదు.

భారతీయ పైలట్లు ఆ పోరులో పాల్గొన్నారా?

శిక్షణ కోసం 24 మంది భారతీయ పైలట్లు 1940 అక్టోబర్‌లో బ్రిటన్ చేరుకున్నారు. అప్పటికి ఆ పోరు ముగింపుకొచ్చింది. వాళ్లు యుద్ధంలో దిగింది ఆ తర్వాతే. తలపాగాతోనే ఫైటర్ విమానం నడిపిన మహిందర్ సింగ్ పుజ్జీ వాళ్లలో ఒకరు. గ్రేవ్‌సెండ్‌లో ఆయన విగ్రహం ఉంది. ఈయన పేరును బాటిల్ ఆఫ్ బ్రిటన్ జాబితాలో కలిపి చెప్పడం తరచుగా కనిపిస్తుంది, అది పొరపాటు. ఆయన గొప్పతనానికి ఆ అతుకు అక్కర్లేదు.

గెలిపించిన డౌడింగ్‌ను ఎందుకు తప్పించారు?

1940 నవంబర్‌లో ఆయన్ను, డిసెంబర్‌లో పార్క్‌నూ మార్చారు. 12వ గ్రూపు అధిపతి లీ-మాలరీ, ఆయన దగ్గర పనిచేసిన డగ్లస్ బేడర్ మూడు నుంచి అయిదు స్క్వాడ్రన్లను ఒక్కటిగా కూర్చి కొట్టాలని వాదించారు. అన్ని విమానాలు ఒకచోట చేరేసరికి శత్రువు బాంబులు వేసి వెళ్లిపోతాడని పార్క్ వాదన. అక్టోబర్ 17న జరిగిన సమావేశంలో గాలి లీ-మాలరీ వైపు వీచింది. రాత్రి దాడులను అడ్డుకోలేకపోతున్నారన్న విమర్శ కూడా డౌడింగ్ మీద ఉంది, అది కొంత నిజమే. అయినా ఆయన్ను సాగనంపిన తీరు బాగాలేదు. కాదు అని చెప్పడం వచ్చిన మనిషికి పదవిలో స్నేహితులు తక్కువ.

ఎంతమంది చనిపోయారు?

ఫైటర్ కమాండ్ వైమానికులు 544 మంది. జర్మన్ వైమానికులు సుమారు 2,500 మంది. విమానాల లెక్కలో ఫైటర్ కమాండ్ వెయ్యికి పైగా, జర్మనీ సుమారు 1,700 పోగొట్టుకున్నాయి. 1941 మే దాకా సాగిన బాంబు దాడుల్లో బ్రిటన్‌లో 40,000 మందికి పైగా పౌరులు చనిపోయారు.

పాల్గొన్న పైలట్లలో ఎవరైనా ఇంకా ఉన్నారా?

చివరివాడిగా గుర్తింపు పొందిన జాన్ హెమింగ్‌వే 2025 మార్చి 17న 105 ఏళ్ల వయసులో చనిపోయారు. ఐర్లండ్‌కు చెందిన ఆయన 85వ స్క్వాడ్రన్‌తో 1940 మేలో ఫ్రాన్స్‌లోనూ పోరాడారు. మే నెల ఓటమినీ సెప్టెంబర్ గెలుపునూ రెండింటినీ కళ్లారా చూసిన మనిషి.

లండన్‌లో ఉంటున్నాం. పిల్లలకు చూపించడానికి ఏమున్నాయి?

ముందు అక్స్‌బ్రిడ్జ్ బంకర్‌కు వెళ్లండి. హౌన్స్‌లో, స్లౌ వైపు ఉండే తెలుగువాళ్లకు దగ్గరే. 76 మెట్లు దిగాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే ముందే ఆలోచించుకోండి. పైన చెప్పిన బల్ల, రంగుల గడియారం, దీపాల గోడ అక్కడ ఉన్నాయి. స్టాన్‌మోర్‌లోని బెంట్లీ ప్రయరీ ఇప్పుడు మ్యూజియం. థేమ్స్ ఒడ్డున విక్టోరియా ఎంబాంక్‌మెంట్ మీద 2005లో కట్టిన స్మారకం మీద వైమానికుల పేర్లన్నీ దేశాల వారీగా చెక్కారు. పోలండ్ కింద ఎన్ని పేర్లున్నాయో పిల్లల చేత లెక్కపెట్టించండి.

నార్తోల్ట్ పక్కన ఏ40 రోడ్డు మీద వెళ్లేటప్పుడు ‘పోలిష్ వార్ మెమోరియల్’ అని బోర్డు కనిపిస్తుంది. చాలామందికి అది ఎగ్జిట్ పేరుగానే తెలుసు. 1948లో కట్టిన ఆ స్మారకం రోడ్డు పక్కనే ఉంది. పైన గద్ద బొమ్మ, కింద రాళ్ల మీద పేర్లు. కారు ఆపుకోవడానికి పక్క వీధుల్లో చోటు దొరుకుతుంది.